కారు ఛార్జింగుకు గీజరు సాకెట్టు సరిపోతుందా?

ప్రశ్న: మాది కడపలో ముప్పై ఏళ్ల నాటి మిద్దె. నేను టీచర్‌ని, రోజూ ప్రొద్దుటూరు పోయి రావాలి. ఈమధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్నాం. కారుతో ఇచ్చిన ఛార్జర్‌ను గీజరు సాకెట్టుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, కిటికీలోంచి వాకిట్లోకి లాగి పెడితే ఎర్రలైటు వెలుగుతోంది, ఛార్జింగ్ ఎక్కడం లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "ఎర్తు లేదు మేడం, సాకెట్టు లోపల న్యూట్రల్‌కూ ఎర్తుకూ చిన్న ముక్క వైరు కలిపేస్తా, పచ్చలైటు వచ్చేస్తుంది" అన్నాడు. మా వీధిలో ఇంకొకరికి కూడా అలాగే చేశాడట. మా వారు సరే అంటున్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. అసలు ఎలాంటి సాకెట్టు పెట్టించుకోవాలి?
– ఒక టీచరమ్మ, కడప

జవాబు: అమ్మా, ఆ ముక్క వైరు ఇప్పటికే కలిపేసి ఉంటే మిగతాది తర్వాత చదవండి. ముందు మెయిన్ ఆపించి దాన్ని తీయించండి. మీ భయంలో అనవసరమైనదేమీ లేదు. సాకెట్టు సంగతి కన్నా ముందు ఈ సంగతే మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇది మనుషుల ప్రాణాలు తీసే పని.

ఛార్జర్ ఎర్రలైటు చూపించిందంటే పాడైందని కాదు, తన పని తాను చేస్తోందని. బండికి కరెంటు వదిలే ముందు ఎర్తు ఉందా లేదా అని అది చూసుకుంటుంది. లేదని తెలిస్తే ఆగిపోతుంది. ఛార్జింగ్ కేబుల్ పెట్టినప్పుడు సాకెట్టులోని ఎర్తు పిన్ను నేరుగా కారు బాడీకి కలుస్తుంది. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిని బాడీకి కరెంటు తగిలితే, అది ఎర్తు దారిలో నేలలోకి పోవాలి. ఆ ఏర్పాటు అందుకే.

ఇప్పుడు న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపారనుకోండి. ఛార్జర్ మోసపోయి పచ్చలైటు చూపిస్తుంది, ఛార్జింగ్ ఎక్కుతుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకరోజు గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు తెగుతుంది, లేదా మీ మీటరు దగ్గరి పాత కటౌట్‌లో (ఫ్యూజు పెట్టెలో) స్క్రూ వదులవుతుంది. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు స్విచ్చి వేసే ఉంటాయి. ఫేజు కరెంటు వాటి గుండా వచ్చి, తిరిగి పోవడానికి న్యూట్రల్ దారి లేక, ఆ ముక్క వైరు గుండా కారు బాడీ మీదికి వస్తుంది. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి నేలలోకి పోలేదు. వాకిలి కడిగి, తడి కాళ్లతో వచ్చి డోరు పట్టుకున్న మనిషే దానికి దారి అవుతారు. లైన్ రిపేరులో ఫేజు, న్యూట్రల్ అటూ ఇటూ మారినా అంతే, బాడీకి నేరుగా 230 వోల్టులు వస్తాయి. మీ వీధిలో అలా చేయించుకున్నవాళ్లకు కూడా ఈ మాట మీరే చెప్పండి. మొహమాటపడాల్సిన విషయం కాదు ఇది.

ఇక మీ ఇంటికి కావలసింది నిజమైన ఎర్తు. ముప్పై ఏళ్ల నాడు మీటరు పక్కన గుంట తీసి పైపు వేసే ఉంటారు. దాని మీద ఎప్పుడో బండలు పరిచేసి ఉంటారు, లేదా పైపుకు కట్టిన తీగ తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది. మన కడప నేల సంగతి మీకు తెలిసిందే, కాస్త తవ్వితే రాయి తగులుతుంది. వేసవిలో తేమ ఆరిపోయాక ఎర్తు బలహీనపడుతుంది. జనవరిలో పచ్చలైటు చూపిన ఛార్జర్ మే నెలలో ఎర్రలైటు చూపించడానికి చాలాసార్లు ఇదే కారణం. పాత పైపు కోసం వెతుక్కునే కన్నా కొత్త గుంట తీయించడం మేలు. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు నిలువునా దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పడాలి. ఉప్పు కాలక్రమేణా పైపును తినేస్తుంది కాబట్టి, ఖర్చు పెట్టగలిగితే బెంటోనైట్ అనే బంకమట్టి వాడే కెమికల్ ఎర్తింగ్ వేయించండి. రాతి వల్ల ఒక గుంట చాలకపోతే, కనీసం పైపు పొడవంత దూరంలో రెండోది తీసి రెండిటినీ కలుపుతారు. గుంట మీద మూత పెట్టించి, వేసవిలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయండి. వంటింటి గట్టు పక్కన నీళ్లు పారే చోటు ఉంటే అక్కడే గుంట తీయిస్తే ఆ పని కూడా ఉండదు.

పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిచి చూపించమనండి. 5 ఓముల లోపు వస్తే నిశ్చింత. ఆ మీటరు అందరి దగ్గరా ఉండదు, ఉన్నవాళ్లనే పిలిపించండి. మామూలు మల్టీమీటరుతోనైనా న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూడమనాలి. రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి, గీజరు వేసినా అమాంతం పెరగకూడదు.

ఎర్తు ఎంత బాగున్నా ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారి పడితే లైను కట్ చేసే స్విచ్చి) లేకుండా కారు ఛార్జింగు లైను వేయించవద్దు. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. ఎండాకాలం మీ ఎర్తు 20 ఓములకు పెరిగిందనుకుందాం. కారు బాడీకి ఫేజు తగిలితే ఆ ఎర్తు గుండా పోయే కరెంటు 230ని 20తో భాగిస్తే వచ్చే పదకొండున్నర ఆంపియర్లే. లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి ఎంసీబీ. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, పడనే పడదు. బాడీ మీద కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. ఆర్‌సీసీబీ అయితే 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టినా రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. షాపులో 30 మిల్లీ ఆంపియర్లది, 'టైప్ ఏ' అని అడిగి తీసుకోండి. చవకగా దొరికేవి ఎక్కువగా 'టైప్ ఏసీ', కారు ఛార్జర్ లాంటి ఎలక్ట్రానిక్ లోడుకు అవి చాలవు. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకే దాంట్లో ఉండే ఆర్‌సీబీఓ తీసుకున్నా పర్వాలేదు. ఇంకో సంగతి. న్యూట్రల్‌ను ఎర్తుకు కలిపిన చోట ఆర్‌సీసీబీ నిలవదు, పడిపోతూ ఉంటుంది. అప్పుడు "ఇది పాడైంది మేడం" అంటూ దాన్ని కూడా పీకేస్తారు. అలా ఎవరైనా పీకేయబోతే ఆపండి.

ఇప్పుడు మీరు అడిగిన సాకెట్టు దగ్గరికి వద్దాం.

గీజరుకూ 16 ఆంపియర్ల సాకెట్టే, కారుకూ 16 ఆంపియర్ల సాకెట్టే, తేడా ఏమిటని మీ వారు అడిగే ఉంటారు. గీజరు పావుగంటో ఇరవై నిమిషాలో నడిచి ఆగుతుంది. ఏసీ మధ్యమధ్యలో కంప్రెసర్ ఆపుతుంది. కారు అలా కాదు. పదమూడు పద్నాలుగు ఆంపియర్లు మొదలుపెట్టిందంటే ఆరేడు గంటలు ఏకబిగిన లాగుతుంది. ఇంట్లో ఇంకే వస్తువూ ఇంత కరెంటును ఇంతసేపు లాగదు. పిన్ను సాకెట్టులో వదులుగా కూర్చుందనుకోండి. ఆ అతుకు దగ్గర 0.15 ఓముల నిరోధం ఉంటే చాలు, 13 ఆంపియర్లకు 25 వాట్ల వేడి పుడుతుంది. టీవీ రిపేరు షాపులో చిన్న సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లదే. దాన్ని సాకెట్టు లోపల పెట్టి రాత్రంతా వదిలేసినట్టు. వేడికి లోపలి ఇత్తడి పట్టు సడలుతుంది, సడలిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన రావడం దీని గుర్తులే. ఎంసీబీకి ఇదేమీ తెలియదు, ఎందుకంటే కరెంటు హద్దు దాటలేదు.

అందుకని సాకెట్టు కొనేటప్పుడు మొహం చూసి కొనవద్దు, వెనక్కి తిప్పి చూడండి. ఐఎస్ఐ గుర్తు, 16 ఆంపియర్లు అన్న అచ్చు ఉండాలి. సన్న పిన్ను, లావు పిన్ను రెండూ పట్టే ఉమ్మడి సాకెట్లు ఇళ్లల్లో ఎక్కువ. దొరికితే 16 ఆంపియర్లకు మాత్రమే చేసిన సాకెట్టు తెప్పించుకోండి, లావు పిన్ను దాంట్లో గట్టిగా కూర్చుంటుంది. వెనక ఉన్న టెర్మినల్ రంధ్రంలోకి 4 ఎంఎం వైరు మొత్తం దూరుతుందో లేదో షాపులోనే ముక్క పెట్టి చూడమనండి. దూరకపోతే ఏం జరుగుతుందో చెబుతాను: వైరు పోగుల్లో మూడో వంతు కత్తిరించేసి, మిగిలినవి మెలితిప్పి దూర్చేస్తారు. గోడలో 4 ఎంఎం వైరు, సాకెట్టు దగ్గరికొచ్చేసరికి రెండున్నరే. వేడెక్కేది సరిగ్గా అక్కడే. పోగులన్నీ కలిపి చివర లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు తొడుగు) వేసి నొక్కి, అప్పుడు స్క్రూ బిగించాలి. పని జరుగుతున్నప్పుడు మీరు పక్కన నిలబడి చూడవలసింది ఈ ఒక్క నిమిషమే.

ఎక్స్‌టెన్షన్ బాక్సు, స్పైక్ బస్టర్, పదహారును ఆరుగా మార్చే కన్వర్టర్ ప్లగ్గు, వీటిని కారు దగ్గరికి రానివ్వకండి. వైరు చుట్ట విప్పకుండా వాడితే మరీ ప్రమాదం, చుట్టలోనే వేడి పోగవుతుంది. ఏసీలకు పెట్టే ఇనుప బాక్సు, ఫ్యాక్టరీల్లో వాడే నీలిరంగు గుండ్రటి సాకెట్టు నిజానికి ఇంకా దృఢమైనవే. కానీ మీ ఛార్జర్ ప్లగ్గు వాటికి పట్టదు. ప్లగ్గు కోసి వేరేది తగిలిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వారంటీ పోవడం ఒకటి, కొన్ని ఛార్జర్లకు ప్లగ్గులోనే వేడిని పసిగట్టే సెన్సర్ ఉంటుంది, ప్లగ్గుతో పాటు అదీ పోతుంది.

లైను మెయిన్ బోర్డు నుంచి నేరుగా రావాలి. మధ్యలో అతుకు ఉండకూడదు, దాని మీద మరే పాయింటూ ఉండకూడదు, న్యూట్రల్ కూడా దానికి విడిగానే ఉండాలి. ఇన్వర్టర్ లైనులో అసలు కలపవద్దు. అలా కలిపితే కరెంటు పోగానే కారు భారమంతా దాని మీద పడుతుంది. మీ ఇల్లు కట్టిన రోజుల్లో చాలా ఇళ్లకు అల్యూమినియం వైరు వాడారు. రాగికీ అల్యూమినియానికీ వేసిన ముడి కాలం గడిచే కొద్దీ వదులవుతుంది కాబట్టి పాత వైరు దేన్నీ వాడుకోకుండా కొత్త రాగి వైరే లాగించండి. బోర్డు నుంచి పోర్టికోకు 25 మీటర్లు అనుకుంటే, రెండున్నర ఎంఎం వైరులో 14 ఆంపియర్లకు 5 వోల్టులు పడిపోయి 70 వాట్లకు పైగా గోడలోనే వేడిగా పోతాయి. 4 ఎంఎం వేస్తే అది 45 వాట్లకు దిగుతుంది. కడప ఎండకు కాగే పడమటి గోడలో పైపు పోతోందంటే 6 ఎంఎం వేయించినా తప్పులేదు. రేపు వాల్ బాక్సు (గోడకు బిగించే పెద్ద ఛార్జర్) పెట్టుకోవాలనుకున్నా అదే పనికొస్తుంది.

ఎంసీబీ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. వాటిని 30 డిగ్రీల వేడి దగ్గర సరిచూసి తయారుచేస్తారు. మే నెలలో మీ ఇనుప బోర్డు లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 14 ఆంపియర్లకే రెండు మూడు గంటల తర్వాత పడిపోవచ్చు. అప్పుడు చాలామంది చేసే పని 32 ఆంపియర్లది తెచ్చి వేయడం. ఇక సాకెట్టు కాలినా, వైరు కాలినా అది కదలదు. మీకు 'సీ-కర్వ్' అనే రకంలో 16 ఆంపియర్ల ఎంసీబీ వేయమనండి. ఎండాకాలం పడిపోతుంటే బోర్డును నీడకు మార్చడమో, ఛార్జింగ్ కరెంటు తగ్గించడమో చేయండి. 4 ఎంఎం వైరు ఉంటే 20 దాకా పోవచ్చు, అంతకు మించి ఎవరు చెప్పినా వద్దు. పాత కిట్‌క్యాట్ ఫ్యూజులు (తీగ చుట్టి పెట్టే పింగాణీవి) మీ మెయిన్‌లో ఇంకా ఉంటే వాటినీ మార్పించండి. ఫ్యూజు వైరు పోయిన ప్రతిసారీ ఇంకాస్త లావు తీగ చుట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

కరెంటు తగ్గించడం అన్నాను కదా. మీ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం అదే. కడప నుంచి ప్రొద్దుటూరుకు రానూ పోనూ ఏసీ వేసుకుని నూటపది కిలోమీటర్లు నడిపారనుకుందాం. యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్ల లెక్కన బ్యాటరీలో పదిహేడు యూనిట్లు ఖర్చవుతాయి. ఛార్జింగ్‌లో పోయేది కలుపుకుంటే మీటరు మీద ఇరవై దాకా తిరుగుతుంది. 10 ఆంపియర్లకు పెట్టినా గంటకు 2.3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి పది గంటలకు పెడితే మీరు బడికి బయలుదేరే ముందే, ఏడింటికల్లా అయిపోతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 14 నుంచి 10కి దిగితే సాకెట్టులో వేడి దాదాపు సగానికి పడిపోతుంది. కొన్ని కార్లలో స్క్రీన్ మీదే ఈ సర్దుబాటు ఉంటుంది, కొన్ని ఛార్జర్లకు బటన్ ఉంటుంది. మీ బండి పుస్తకంలో చూడండి. ఉంటే మాత్రం రోజూ 10కే పెట్టుకోండి. తొందర ఉన్న రోజున పెంచుకోవచ్చు.

ఎక్కడ పెట్టించాలంటే, కారు ఛార్జింగ్ మూత ఉన్న వైపు, నీడలో, జల్లు కొట్టని చోట. నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటే బాగుంటుంది. బుగ్గవంక పొంగితే నీళ్లొచ్చే వీధి మీదైతే ఇంకా పైకి పెట్టించండి. మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ బాక్సు కావాలి, ప్లగ్గు పెట్టాక కూడా మూత పడేంత లోతు ఉండాలి. సాకెట్టు పక్కనే ఒక కొక్కెమో చిన్న అరో వేయించడం మరిచిపోకండి. ఛార్జర్ మధ్యలో ఇటుకంత పెట్టె ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని గాలిలో వేలాడనిస్తే రాత్రంతా ప్లగ్గును కిందికి లాగుతూ ఉంటుంది. కొన్ని నెలలకు పై పిన్ను కాస్త బయటికి వచ్చి సాకెట్టు పట్టు పోతుంది. కొక్కేనికి ఏమంత ఖర్చు కాదు.

ఇంటి లోడు గురించి కూడా కరెంటాఫీసులో మాట్లాడాలి. కారు 3.3 కిలోవాట్లు, ఒకటిన్నర టన్నుల ఏసీ, గీజరు, నీళ్ల మోటరు ఒకేసారి నడిస్తే ఎనిమిది కిలోవాట్ల దాకా పోతుంది. పాత ఇళ్లకు అంత లోడు రాసి ఉండదు. మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు ఎంతో చూసుకుని, ఎస్పీడీసీఎల్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. సర్వీసు వైరు సరిపోతుందో లేదో వాళ్లే చూసి చెబుతారు. ఇంటి మీటరు మీద సొంత కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి, దాని కోసం లైసెన్సు అక్కర్లేదు. స్లాబు పెరిగి బిల్లు కొంచెం బరువవుతుంది, అది ముందే అనుకుని ఉండండి. మీటరు దాకా, స్తంభం దగ్గర ఏ లోపం ఉన్నా 1912కు ఫోన్ చేయండి. మీ ఎలక్ట్రీషియన్‌ను స్తంభం ఎక్కనివ్వకండి.

7.2 కిలోవాట్ల వాల్ బాక్సు పెట్టుకోమని షోరూంలో చెప్పి ఉండవచ్చు. దానికి సాకెట్టే ఉండదు, వైరు నేరుగా లోపల బిగుస్తుంది కాబట్టి వదులయ్యే పిన్ను అన్నదే లేదు. భద్రత మాటకొస్తే అదే పైమెట్టు. కానీ దానికి 32 ఆంపియర్ల లైను, ఇంకా ఎక్కువ లోడు కావాలి. పైగా మీ కారు లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లదే అయితే వాల్ బాక్సు పెట్టినా వేగం పెరగదు. మీ రోజువారీ తిరుగుడుకు ఇప్పుడు దాని అవసరం లేదని నా అభిప్రాయం. రెండో కారు కొనే ఆలోచన ఉంటే అప్పుడు చూడండి.

కొత్త లైను మీద మొదటిసారి ఛార్జింగ్ పగలు పెట్టండి, ఇంట్లో మనిషి ఉన్నప్పుడు. గంట తర్వాత పొడి చేతి వెనక భాగంతో ప్లగ్గు ఒంటిని, సాకెట్టు ప్లేటును తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి ఆన్చి ఉంచలేనంత వేడి ఉంటే కారులో ఛార్జింగ్ ఆపి, ఎంసీబీ దించి, ప్లగ్గు తీసి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఛార్జింగ్ నడుస్తుండగా ప్లగ్గు ఎప్పుడూ లాగకూడదు, నిప్పురవ్వలకు పిన్ను మొహం మాడిపోతుంది. నెల తిరిగేసరికి మెయిన్ ఆపి స్క్రూలు మరోసారి బిగించమనండి, కొత్త రాగి వైరు నొక్కుకుని కొంచెం సడలడం మామూలే. నెలకోసారి ఆర్‌సీసీబీ మీద 'టి' అని ఉన్న బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజు కారు ఛార్జింగ్ పెట్టకుండా, ముందు దాన్ని మార్పించండి.